గూడుబండిలో ఒక ఏడాది: నాకు నచ్చిన తొమ్మిది ఫోటోలు

(అమెరికాలోని ఒక తెలుగు కమ్యూనిటీ రేడియోలో ఆదివారం ఉదయం ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం ఇది. మాట్లాడిన ధోరణి మార్చకుండా ఉంచాము.)



ఫోటోల గురించి రేడియోలో మాట్లాడమని అడిగినప్పుడు ముందు నవ్వొచ్చింది. చూపించే వీలు లేనిచోట ఫోటోల గురించి ఏం చెప్తానండీ అన్నాను. తర్వాత ఆలోచిస్తే, మా ఇంట్లో నేను రోజూ చేసే పని అదే కదా అనిపించింది. ఎదురుగా ఉన్నదాన్ని మాటల్లో చెప్పడం నాకు బాగా అలవాటైపోయింది. అందుకని ఒప్పుకున్నాను.

2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా మా వారూ నేనూ ఒక మోటర్ హోమ్‌లో కాపురం పెట్టి ఈ దేశమంతా తిరిగాం. దాని పొడవు 24 అడుగులు. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకీ తిరనాళ్ళకీ పైన చాపగూడు కట్టిన ఎడ్లబండిలో వెళ్ళేవాళ్ళం. దాన్ని గూడుబండి అనేవాళ్ళం. అందుకని దీనికీ ఆ పేరే పెట్టాం. ఆ ఏడాదిలో తీసిన ఫోటోలు లెక్కపెడితే పద్నాలుగు వేలు తేలాయి. వాటిలో తొమ్మిదింటి గురించి మీకు చెప్తాను.

అసలు ఈ వయసులో ఇల్లు అమ్మేసి రోడ్డున ఎందుకు పడ్డాం అన్నది ముందు చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

మా వారికి రెటినైటిస్ పిగ్మెంటోజా అనే కంటిజబ్బు ఉంది. ఆర్.పి. అంటారు. మనవైపు రేచీకటి అంటాం కదా, దాదాపు ఆ లక్షణంతోనే మొదలవుతుంది. కంటి వెనక రెటీనాలో మసక వెలుతురులో చూడ్డానికి పనికొచ్చే కణాలు కొన్ని, పట్టపగలు రంగులూ వివరాలూ చూడ్డానికి పనికొచ్చే కణాలు కొన్ని ఉంటాయి. ఈ జబ్బులో మొదటి రకం ముందుగా పోతాయి. ముందు రాత్రిపూట కనపడదు. తర్వాత పక్కచూపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. ఎదురుగా ఉన్న అక్షరం చక్కగా చదువుతారు, పక్కనే ఉన్న కుర్చీకి తట్టుకుంటారు. తెలియనివాళ్ళు నాటకమేమో అనుకుంటారు.

వింటున్నవాళ్ళు, కారు నడుపుతున్నవాళ్ళు తప్ప, ఒకసారి చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి అడ్డం సుమారు పది డిగ్రీలు. మామూలు మనిషి రెండు కళ్ళతో దాదాపు 180 డిగ్రీలు చూస్తాడు. 20 డిగ్రీలు, లేదా అంతకన్నా తగ్గితే అమెరికా చట్టం ప్రకారం అంధుడి కిందే లెక్క. మేం బయల్దేరేనాటికి మా వారికి మిగిలింది పదిహేను. అంటే పిడికిలిన్నర. మిగతా ప్రపంచమంతా ఆ పిడికిలిన్నర కిటికీలోంచే.

మందులేదా అని అందరూ అడుగుతారు. 2017లో అమెరికాలో ఒక జన్యుచికిత్సను ఆమోదించారు గానీ అది ఒకే ఒక్క జన్యువులో లోపం ఉన్నవారికి పనికొస్తుంది. ఈయనది అది కాదని పరీక్షలో తేలింది. డాక్టరుగారు మంచి మనిషి. కల్లబొల్లి మాటలు చెప్పలేదు. "చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే వాయిదా వెయ్యకండి" అన్నారు. అంతే, ఆ మాటే మమ్మల్ని కదిలించింది.

ఇద్దరికీ మెడికేర్ వచ్చే వయసు దాటింది. ఏ రాష్ట్రంలో ఉన్నా డాక్టరుకి చూపించుకోవచ్చు. న్యూజెర్సీలో పాతికేళ్ళు ఉన్న ఇల్లు అమ్మాం. అబ్బాయి మాట్లాడకుండా ఊరుకున్నాడు. అమ్మాయి మాత్రం "అమ్మా, అంత బండి నువ్వు నడుపుతావా?" అంది. "మరి మీ నాన్న నడుపుతారా?" అన్నాను. ఆ సైజు బండికి మామూలు లైసెన్సే చాలు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో నాలుగు వారాంతాలు వెనక్కి నడపడం నేర్చుకున్నాను. ముందుకి ఎవరైనా నడుపుతారు, వెనక్కి పెట్టడంలోనే ఉంది విద్య అంతా. దారి చూసి చెప్పడం ఆయన పని. "నాకు మిగిలిందే ముందుచూపు, దాన్నయినా వాడుకోనీ" అనేవారు.

ఇక ఫోటోలు.

మొదటి ఫోటో ఒక రసీదు. సౌత్ డకోటాలో ఒక క్యాంపు గ్రౌండ్‌లో ఒక్క రాత్రి ఉన్నందుకు ఇచ్చిన కాగితం. నవ్వకండి. ఇల్లు లేకపోతే చిరునామా ఉండదు, చిరునామా లేకపోతే లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, బ్యాంకు ఉత్తరం లేదు. బండ్లలోనే కాపురముండే చాలామంది సౌత్ డకోటా చిరునామా పెట్టుకుంటారు. అక్కడ ఒక రాత్రి బస చేసిన రసీదూ, ఉత్తరాలు అందుకునే ఒక సర్వీసూ ఉంటే మేం వెళ్ళినప్పుడు ఆ రాష్ట్రం నివాసిగా ఒప్పుకుంది. ఇండియా నుంచి వచ్చి ఈ దేశంలో నివాసి అనిపించుకోవడానికి మాకు పద్నాలుగేళ్ళు పట్టింది. సౌత్ డకోటాకి ఒక్క రాత్రి చాలింది. ఆ రసీదు పట్టుకుని మా వారు నవ్విన నవ్వు కూడా ఆ ఫోటోలో ఉంది.

రెండో ఫోటోలో ఉన్నది బూందీ గరిటె.

2023 అక్టోబరు 14న న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో ఉన్నాం. ఆ వారం అక్కడ ఏటా జరిగే బెలూన్ల పండగ. తెల్లవారకముందే వందల బెలూన్లు మంటలు ఊదుకుంటూ లేస్తాయి. అదే ఉదయం వలయాకార సూర్యగ్రహణం కూడా వచ్చింది. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేక చుట్టూ గాజులాగా వెలుగు మిగిలిపోతుంది, అదన్నమాట. కైకలూరు నుంచి మా పెద్దక్క ఫోన్ చేసి "ఈ గ్రహణం మాకు లేదు, మీకే పట్టింది. ఆవకాయ జాడీ మీద దర్భ వేశావా?" అని అడిగింది. దర్భ ఎక్కడిది? బండి పక్కన మొలిచిన గడ్డిపోచ వేశాను.

గ్రహణం కళ్ళద్దాలు ఉన్నాయి గానీ నా దృష్టి వంటింటి మీదికి పోయింది. బూందీ గరిటె తెచ్చి తెల్లకాగితం మీద ఎండకు అడ్డంగా పట్టుకున్నాను. ఒక్కొక్క చిల్లూ ఒక సూర్యుణ్ణి కాగితం మీద దించింది. ఇన్నిన్ని చిన్న గాజులు, వరసలు వరసలుగా. చుట్టుపక్కల బండ్లవాళ్ళు పిల్లల్ని తీసుకుని వచ్చేశారు. ఒక పెద్దాయన "ఈ పరికరం ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుంది, గ్రహణం లేని రోజుల్లో లడ్డూలు కూడా చేసుకోవచ్చు అని చెప్పాను.

మూడో ఫోటో గ్రాండ్ కాన్యన్‌ది. ఇది మా వారికి అన్నిటికన్నా ఇష్టమైన ఫోటో. కొంచెం వివరంగా చెప్తాను.

277 మైళ్ళ పొడవు, కొన్నిచోట్ల 18 మైళ్ళ వెడల్పు, మైలుకు పైగా లోతు. దక్షిణపు అంచున మేథర్ పాయింట్ అని ఒకచోట ఉంది. బస్సులు దిగినవాళ్ళు మొదట అక్కడికే వస్తారు. వచ్చి చూడగానే ఒక్క క్షణం అందరూ మాట మానేస్తారు. మా వారు కూడా నిలబడ్డారు. తల అటు తిప్పారు, ఇటు తిప్పారు, కిందికి చూశారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. కాసేపయ్యాక మెల్లగా అన్నారు, "ఎర్రగా ఒక రాయి కనబడుతోంది. దాని పక్కన ఇంకో రాయి. అందరూ ఎందుకు నోరు మూసుకున్నారో మాత్రం తెలియడం లేదు."

పిడికిలిన్నర కిటికీలోంచి చూస్తే గ్రాండ్ కాన్యన్ ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. ఒక ముక్క చూసి రెండో ముక్కకు వెళ్ళేసరికి మొదటి ముక్క పోతుంది. విశాలం అన్నది కనిపించాలంటే ఒక్కసారిగా కనిపించాలి.

నాకేం తోచక ఫోన్‌తో ఫోటో తీశాను. ఆ అంచు నుంచి ఈ అంచుదాకా. తీసి, ఆయన చేతికిచ్చి, చెయ్యి బాగా చాచి పట్టుకుని చూడమన్నాను. ఫోన్ అంత దూరంలో ఉంటే బొమ్మ మొత్తం ఆ పదిహేను డిగ్రీల్లోనూ ఇమిడిపోతుంది. చూశారు. చాలాసేపు చూశారు. అప్పుడు ఆయన కూడా మాట మానేశారు.

నా మూడో ఫోటో అదే. వెనకాల అంత పెద్ద లోయ పెట్టుకుని, దానికి వీపు తిప్పి నిలబడి, ఫోన్ చూసుకుంటున్న ఒక అరవై ఏడేళ్ళ మనిషి. ఆ దారిన పోయేవాళ్ళు కొందరు నవ్వుకున్నారు. ఈ కాలపు జనానికి ఫోన్ పిచ్చి అనుకుని ఉంటారు. నేనేమీ చెప్పలేదు.

తర్వాత డాక్టరుగారితో చెప్తే, చూపు ఇలా సన్నబడినవాళ్ళకు బొమ్మను చిన్నది చేసి చూపించే కటకాలు కూడా ఉన్నాయని, తలకిందులుగా పట్టుకున్న దుర్భిణిలాంటివేననీ చెప్పారు. మాకు ఫోనే సరిపోయింది. ఆ రోజు నుంచి నా ఫోటోల పద్ధతి మారింది. అంతకుముందు అందంగా ఉన్నవి తీసేదాన్ని. తర్వాత ఆయనకు ఒక్కచూపులో పట్టనివి తీశాను. ముందు నేను చూసి నోటితో చెప్తాను, తర్వాత ఫోటో చూపిస్తాను, ఆ తర్వాత ఆయన అసలుదానివైపు తిరిగి ముక్క ముక్కగా వెతుక్కుంటారు. మొత్తం ఎలా ఉంటుందో ముందే తెలిస్తే ముక్కలు ఎక్కడివో తెలుస్తుంది.

నాలుగో ఫోటోలో ఒక పిరమిడ్, దాని పైన ఒక ఒంటె. ఈజిప్టు కాదు, అరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్. మామూలుగా రెండు మూడు వేల మంది ఉండే ఊరు. చలికాలం వస్తే చుట్టూ ఎడారంతా మోటర్ హోమ్‌లే. అక్కడి ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండడానికి మేం వెళ్ళిన ఏడాది 180 డాలర్లు తీసుకున్నారు. కరెంటు లేదు, మన పైకప్పు మీద సోలార్ పలకలే గతి. మిక్సీ వెయ్యాలంటే మధ్యాహ్నం ఎండలో వెయ్యాలి. అల్లం పచ్చడికి ముహూర్తం చూసుకున్నది ఆ రెండు నెలల్లోనే.

ఆ పిరమిడ్ హాజీ అలీ అనే ఆయన సమాధి. 1856లో అమెరికా సైన్యం ఎడారుల్లో సామాన్లు మోయడానికి ఒంటెలు తెప్పించింది. వాటిని తోలడానికి దూరదేశం నుంచి వచ్చినవాళ్ళలో ఈయన ఒకడు. ఒంటెల ప్రయోగం సాగలేదు. ఆయన మాత్రం వెనక్కి పోలేదు, ఇక్కడే 1902లో పోయాడు. హాజీ అలీ అనడం రాక జనం ఆయన్ని "హై జాలీ" అన్నారు. 1935లో కట్టిన ఆ సమాధి మీదా ఆ పేరే ఉంది. వెంకటేశ్వర్లుని "వెన్" చేసుకున్నవాళ్ళం, మనకి ఆ బాధ తెలుసు. 2024 సంక్రాంతి మాకు అక్కడే. బండి గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గు పెట్టాను. సాయంత్రానికి గాలి తీసుకుపోయింది.

ఐదో ఫోటో వైట్ శాండ్స్. న్యూ మెక్సికోలో ఉంది, 2019 డిసెంబరులో నేషనల్ పార్క్ అయింది. జిప్సం ఇసుక, 275 చదరపు మైళ్ళు. పంచదార పోసినట్టు ఉంటుంది. ఎండలో కూడా కాలు కాలదు. ఆర్.పి. ఉన్నవాళ్ళకు చీకటే కాదు, వెలుగు ఎక్కువైనా కష్టమే. ఆ తెల్లదనానికి ఈయన కళ్ళు అస్సలు తట్టుకోలేకపోయాయి. నల్లద్దాలు పెట్టుకుని, టోపీ దించుకుని, తెల్లకర్ర పట్టుకుని నడిచారు. వెనకనుంచి నేను ఫోటో తీశాను. అందులో ఆయన లేరు, అడుగులు మాత్రమే ఉన్నాయి. రెండు పాదాల వరస, పక్కన కర్ర గీసిన సన్నటి గీత.

ఆ పార్కులోనే పాత చెరువు మట్టిలో గట్టిపడిన మనుషుల అడుగుజాడలు దొరికాయి. అవి 21 వేల నుంచి 23 వేల ఏళ్ళ నాటివని 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఒకచోట ఎవరో చంటిబిడ్డను ఎత్తుకుని, మధ్యమధ్య దించుతూ, గబగబా నడిచి వెళ్ళిన జాడలు కిలోమీటరుకు పైగా ఉన్నాయిట. అది చదివి వినిపిస్తే మా వారు "నా కర్ర గీత చూసి ఏమనుకుంటారో!" అన్నారు.

ఆరో ఫోటో బాగోలేదు. మసకగా, కదిలిపోయి ఉంది. అయినా తీసెయ్యలేను.

మార్చి నెలలో నెబ్రాస్కా వెళ్ళాం. అక్కడ ప్లాట్ నది ఉంది. ఏటా వసంతంలో శాండ్‌హిల్ క్రేన్లు, మన భాషలో సారస జాతి కొంగలు, ఉత్తరానికి పోతూ దారిలో అక్కడ దిగుతాయి. ఐదు లక్షలకు పైగా. పగలంతా కోత అయిపోయిన మొక్కజొన్న చేలల్లో రాలిన గింజలు తింటాయి. చీకటిపడేసరికి నదిలో లోతులేని చోట నీళ్ళలో నిలబడి నిద్రపోతాయి. నక్కలూ అవీ వస్తే నీళ్ళ చప్పుడుకి మెలకువ వస్తుందని. తెల్లవారకముందే వెళ్ళి గట్టున చెక్క గుడిసెలో కూర్చోవాలి. మాట్లాడకూడదు, ఫ్లాష్ వెయ్యకూడదు.

ఆ చీకట్లో ఈయనకు ఏమీ కనపడదు. నాకూ సరిగా కనపడలేదు. కానీ ఆ అరుపులు! వాటి గొంతుగొట్టం పొడవుగా ఉండి రొమ్ము ఎముకలో మెలితిరిగి ఉంటుంది, అందుకే మైలు దూరం దాటి వినిపిస్తుంది. ఒకటి మొదలుపెడితే వేలకు వేలు అందుకున్నాయి. ఒక్కసారిగా లేచాయి. గుడిసె చెక్కలు అదిరాయి. నేను కెమెరా పైకెత్తి నొక్కాను, ఏం పడిందో తెలియదు. మా వారు నా చెవిలో "కుడివైపునుంచి లేచాయి, ఇప్పుడు మన తల మీద ఉన్నాయి, ఇంకో గుంపు ఎడమపక్కనుంచి వస్తోంది" అని చెప్తున్నారు. ఆ పూట చెప్పినది ఆయన, విన్నది నేను.

మాది కొల్లేటి పక్క ఊరు. ఆటపాకలో పెలికాన్లు, మేం గూడబాతులు అంటాం, అవి దిగే రోజుల్లో మా నాన్న సైకిలు మీద తీసుకెళ్ళేవారు. అప్పుడూ ముందు వినపడేది రెక్కల చప్పుడే.

ఏడో ఫోటో 2024 ఏప్రిల్ 8, ఇల్లినాయ్ దక్షిణాన కార్బన్‌డేల్ అనే ఊరు. ఈసారి సంపూర్ణ సూర్యగ్రహణం. 2017లో కూడా ఇదే ఊరి మీదుగా గ్రహణం నడిచింది. ముందే డాక్టరుగారిని అడిగాం. సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కాసేపే కళ్ళద్దాలు తియ్యాలి, అంచు మెరవగానే పెట్టెయ్యాలి, ఇందులో ఏ మినహాయింపూ లేదు అన్నారు.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు చీకటి పడింది. చల్లగాలి వచ్చింది. ఆయన భుజం పట్టుకుని ఎటు చూడాలో తిప్పి, "ఇప్పుడు తియ్యండి" అన్నాను. నాకు భయంగా ఉంది. చీకట్లో కనపడని మనిషికి చీకటి పడ్డాక చూడమని చెప్తున్నాను కదా. ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత "కనపడుతోంది. మొత్తం కనపడుతోంది" అన్నారు.

తర్వాత ఆలోచిస్తే విషయం సులువే. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. చుట్టూ తెల్లటి వెలుగు కిరీటాన్ని కలుపుకున్నా కొద్ది డిగ్రీలే. ఆ వెలుగు నిండు చంద్రుడి వెన్నెలకు దగ్గరగా ఉంటుంది. అంతా ఆయన పిడికిలిన్నరలో హాయిగా పడుతుంది. కింది అంచున గులాబీ రంగు చుక్కలాగా ఒక మంట నాలుక, అది కూడా ఆయనే ముందు చూసి నాకు చెప్పారు. నాలుగు నిమిషాలపైన అలా నిలబడ్డాం. ఆ మైదానంలో వేలమంది ఉన్నారు. ఆ నాలుగు నిమిషాలూ వాళ్ళు ఎంత చూశారో ఈయనా అంతే చూశారు, ముక్క తక్కువ లేకుండా.

నేను తీసిన ఫోటోలో గ్రహణం లేదు. పైకెత్తిన ఆయన ముఖం ఉంది.

ఎనిమిదో ఫోటో మే 10 రాత్రిది. విస్కాన్సిన్‌లో ఒక చిన్న చెరువు పక్కన బండి ఆపుకున్నాం. ఆ రోజు సూర్యుడి నుంచి వచ్చిన తుఫాను 2003 అక్టోబరు తర్వాత అంత పెద్దది మళ్ళీ అదే. ఎప్పుడో ధ్రువాల దగ్గర కనిపించే అరోరా కాంతులు ఆ రాత్రి ఫ్లోరిడాలో కనిపించాయి, మన లడఖ్‌లో హాన్లే దగ్గర కూడా కెమెరాలకు చిక్కాయి. నా కళ్ళకు పాలిపోయిన ఆకుపచ్చ తెరలు, అక్కడక్కడ గులాబీ ఛాయ కనిపించాయి. మా వారికి నల్లటి చీకటి. నేను చెప్తూ ఉన్నాను, ఆయన వింటూ ఉన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన నక్షత్రం చూడలేదు. ఆ సంగతి ఎప్పుడూ పైకి అనరు.

ఫోన్ కెమెరాను రాత్రిపూట ఫోటోలకు పెడితే అది మూడు నాలుగు సెకన్లు తెరుచుకుని ఉండి వెలుగు పోగుచేసుకుంటుంది. మన కన్ను అలా పోగుచెయ్యలేదు. అందుకే ఆ రాత్రి మంచి చూపు ఉన్నవాళ్ళకు కూడా కంటికన్నా ఫోన్‌లోనే ఎక్కువ రంగులు కనిపించాయి. బండి మీద ఫోన్ ఆనించి, కదలకుండా ఒకటి తీసి, ఆయన చేతికిచ్చాను. తెర నిండా ఆకుపచ్చ, ఎరుపు, ఊదా. వాటి వెనక నక్షత్రాలు. సప్తర్షి మండలం కూడా పడింది.

ఆయన తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టారు. లెక్కపెట్టి, "అయితే ఇవన్నీ ఇంకా అక్కడే ఉన్నాయన్నమాట" అన్నారు.

ఆ రాత్రి రెండింటి దాకా ఫోటోలు తీస్తూనే ఉన్నాను. నూటపాతిక. ఒకటీ తీసెయ్యలేదు.

తొమ్మిదో ఫోటో మా వారి చొక్కా మీద ఎర్రకళ్ళ పురుగు. మే చివర మళ్ళీ ఇల్లినాయ్‌కి దిగాం. సికాడా అని, మన కీచురాయికి పెద్దన్నలాంటి పురుగు. నేలలో పదమూడేళ్ళు ఉండే గుంపు ఒకటి, పదిహేడేళ్ళు ఉండే గుంపు ఒకటి, ఈ రెండూ 2024లో ఒకే వేసవిలో బయటికి వచ్చాయి. ఇంతకుముందు ఇలా కలిసి వచ్చింది 1803లో. అప్పటికి సి.పి. బ్రౌన్ గారికి ఐదేళ్ళు కూడా నిండలేదు. మళ్ళీ రావడం 2245లో. ఎవరి కంటికీ చీకట్లో పదిహేడేళ్ళు అనేది చిన్న సంగతి కాదు. ఆ పురుగుని చొక్కా మీదే సాయంత్రం దాకా ఉంచుకున్నారు.

ఏడాదంతా ఇలా హాయిగానే గడిచిందా అంటే, లేదు. బండి కింద మురుగు ట్యాంకు ఖాళీచేసే పని ఎవరికీ ముద్దు కాదు. గ్యాలనుకు తొమ్మిది మైళ్ళు. ఇరవైనాలుగు అడుగుల గదిలో ఇద్దరు మనుషులు అలిగితే పోయి కూర్చోవడానికి రెండో గది లేదు. గాలివాన వచ్చిన రాత్రి ఆయనకు కనపడక, నాకు భయమేసి, ఇద్దరం చేతులు పట్టుకుని కూర్చున్న సందర్భాలు ఉన్నాయి. ఇంకోమాట, ఆగస్టులో పరీక్ష చేయిస్తే పదిహేను డిగ్రీలు పన్నెండు అయ్యాయి. తిరిగినా తిరగకపోయినా అది అయ్యేదే.

చివరగా పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. 1970లలో కట్టిన గుడి, మా పెళ్ళయిన కొత్తలో చాలా గంటలు ప్రయాణం చేసి వచ్చేవాళ్ళం. గర్భగుడి ఫోటో తియ్యకూడదు, తియ్యలేదు. నేను ఎప్పటిలాగే చెవిలో చెప్పబోయాను, ఇదుగో శంఖం, ఇదుగో చక్రం అని. పూజారిగారు హారతి ఎత్తారు. ఆయన నా చెయ్యి నొక్కి ఆపేశారు. గర్భగుడిలో వెలుతురు ఉండేదే అంత. అక్కడ నిలబడ్డ అందరికీ కనిపించేది ఆ హారతి తిరిగినంత మేరే. స్వామి ముఖం ఒకసారి, పాదాలు ఒకసారి. అక్కడ మాత్రం ఆయనకు నా సాయం అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. గూడుబండి అమ్మేశాం. కొన్నది కూడా ఒక రిటైరైన జంటే.

ముగించేముందు రెండు మాటలు. ఆర్.పి. చాలావరకు వంశంలో వచ్చేది. మా వారి తల్లిదండ్రులది మేనరికం. తల్లీ తండ్రీ ఒకే లోపమున్న జన్యువును మోస్తూ ఉంటే, వాళ్ళకు జబ్బు లేకపోయినా పిల్లలకు రావచ్చు. దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో పిల్లలెవరైనా సినిమాహాల్లో సీటు వెతుక్కోలేకపోతున్నా, సందెవేళ తడబడుతున్నా, అజాగ్రత్త అని కసురుకోకండి. కళ్ళ డాక్టరుకి చూపించండి. మా వారిని పదో ఏట నుంచి అందరూ కసిరారు. జబ్బు పేరు తెలిసింది ముప్ఫై రెండో ఏట.

రెండోది, చూపు తగ్గినవాళ్ళు శాశ్వత వైకల్యం ఉన్నట్టు కాగితం చూపిస్తే, పౌరులకైనా గ్రీన్‌కార్డు ఉన్నవారికైనా నేషనల్ పార్కులకు జీవితకాలపు యాక్సెస్ పాస్ ఇస్తారు. మాకు ఉచితంగా వచ్చింది. ఆ పాస్‌తో బండిలో ఉన్న నాకూ టికెట్టు లేదు. చాలామంది మనవాళ్ళకు ఈ సంగతి తెలియదు, అందుకని చెప్పాను.

మీ ఇళ్ళలో చూపు సన్నబడిన పెద్దవాళ్ళుంటే వాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టి మీరు మాత్రం తిరిగి రాకండి. తీసుకెళ్ళండి. ఒకరు చూసి చెప్పాలి, అంతే.